నీళ్ల కిట్టు పెడితే డీజిల్ మిగులుతదా? దేవరకొండ అడ్డా మీది లెక్క

పోస్టు కొంచెం పొడుగుంటది. మధ్యల లెక్కలు గూడ ఉంటయి. ఓపిక చేసి చదవండి, ఎందుకంటే ఇది మన తండాల్లో బండి నడిపి బతికే ప్రతి ఇంటికి సంబంధించిన ముచ్చట.

దేవరకొండ, డిండి, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు పోయే సుమోలు, తుఫాన్లు, బొలెరోలు నడిపేటోళ్లలో మనోళ్లు ఎంతమందో మీకు తెలుసు. భూమి తక్కువ, బోరు పడదు, పుణె, బొంబాయి పోయి మట్టి పని చేసుడు ఇష్టం లేక ఫైనాన్సుల పాత బండి తీసుకున్నోళ్లే ఎక్కువ. ఈ ఏడాది వాళ్ల మధ్యల ఒక డబ్బా తిరుగుతున్నది. స్టీలు పలకలు పెట్టిన డబ్బా, దాని పక్కన నీళ్ల సీసా, రెండు పైపులు. బ్యాటరీ నుంచి కరెంటు పోతది, నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతయి, ఆ గ్యాసు గాలి ఫిల్టర్ పైపుల నుంచి ఇంజన్లకు పోతది. దాన్ని హెచ్‌హెచ్‌ఓ కిట్టు అంటరు. అడ్డా మీద మాత్రం అందరు "నీళ్ల కిట్టు" అంటున్నరు. ధర 14,000. 30 నుంచి 40 శాతం డీజిల్ మిగులుతదని చెప్పి అమ్ముతున్నరు.

మా బావకు పాత టాటా సుమో ఉంది. దేవరకొండ నుంచి మాల్, యాచారం మీదుగ ఎల్బీనగర్ పోయి వస్తడు. రోజుకు అటు ఇటు కలిపి 200 కిలోమీటర్లు దాటుతది. లీటరుకు పన్నెండున్నర లెక్కన 16 లీటర్లు. లీటరు డీజిల్ 95 దాటింది గాబట్టి రోజుకు 1,500 పైన బంకులనే పోతది. దాంట్ల 30 శాతం మిగిలిందనుకో, రోజుకు 450, నెలకు 13,000 దాక. బావ ఫైనాన్సు కిస్తీ 9,800. అంటే ఆ డబ్బా నిజంగ పనిచేస్తే కిస్తీ మొత్తం నీళ్లే కడతయి. అందుకే ఆయన నాకు ఫోన్ చేసి, "బామ్మర్ది, నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నవ్ గదా, అవునో కాదో ఒక్క మాట చెప్పు" అన్నడు. ఒక్క మాటతో అయ్యే పని కాదు, రెండు వారాలు ఆగు బావా అన్న.

ముందు కాగితం మీది లెక్క చెప్తా. ఇది ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ, గురుకులంల మనందరం బట్టీ పట్టిందే. ఫారడే సూత్రం. 96,500 కూలుంబులు పోతే ఒక మోల్ ఎలక్ట్రాన్లు. ఒక మోల్ హైడ్రోజన్‌కు రెండు మోల్‌ల ఎలక్ట్రాన్లు కావాలె. కిట్టు 20 ఆంపియర్లు గుంజుతది అనుకుందాం. గంటకు 72,000 కూలుంబులు. ఒక్కో సెల్లుల 0.37 మోల్ హైడ్రోజన్ వస్తది. డబ్బాల 6 సెల్లులు వరుసగ ఉంటయి, మొత్తం 2.24 మోల్‌లు. బరువు చూస్తే నాలుగున్నర గ్రాములు. గంట మొత్తం బండి నడిస్తే ఖర్చయ్యే నీళ్లు 40 మిల్లీలీటర్లు, హోటల్ల చాయ్ గ్లాసు గూడ నిండదు.

హైడ్రోజన్ బరువుకు మస్తు శక్తి ఉన్న మాట నిజమే. గ్రాముకు 120 కిలోజౌళ్లు. నాలుగున్నర గ్రాములకు 540. లీటరు డీజిల్ల దాదాపు 36,000 కిలోజౌళ్లు ఉంటయి. అంటే గంట సేపు ఆ డబ్బా బుడగలు కక్కితే వచ్చేది 15 మిల్లీలీటర్ల డీజిల్‌తో సమానం. దగ్గు మందు మూతతో ఒకటిన్నర మూత. బండి ఆ గంటల తాగేది 4 లీటర్లు.

ఇది వచ్చే దిక్కు. ఇగ పోయే దిక్కు చూద్దాం. 20 ఆంపియర్లు, 13.8 వోల్టులు, అంటే 276 వాట్లు. ఈ కరెంటు ఊరికే రాదు. ఆల్టర్నేటర్, మన డ్రైవర్లు డైనమో అనేది, ఇంజన్ బెల్టు మీద తిరుగుతది. దానికి పోయిన శక్తిలో నూటికి 60 పాళ్లు కరెంటయితది, తక్కింది వేడి. ఇంజన్ డీజిల్‌ల శక్తిలో 30 శాతమే తిప్పుడు బలంగ మారుస్తది. వెనక్కి లెక్కేసుకుంట పోతే గంటకు దాదాపు 150 మిల్లీలీటర్ల డీజిల్ ఆ డబ్బా కోసమే కాలుతది. క్వార్టర్ సీసాకు కొంచెం తక్కువ. అంటే క్వార్టరంత పోసి మూతెడు తెచ్చుకునుడు.

ఇక్కడ అమ్మేటోళ్లు ఒక మాట అంటరు. "డైనమో ఎట్లయినా తిరుగుతనే ఉంటది గదా, దాని కరెంటు వేస్టుగ పోతది గదా" అని. చిన్నప్పుడు సైకిల్‌కు డైనమో ఉన్నోళ్లకు ఇది అడగక్కరలేదు. డైనమో టైరుకు ఆనిస్తే పెడల్ బరువెక్కుతది. లైటు వెలుగుడు మన కాలు నుంచి వస్తది. ఆల్టర్నేటర్ గూడ అంతే. కరెంటు గుంజకపోతే తేలికగ తిరుగుతది, గుంజితే బిగుసుకుంటది.

ఇంకో ఉదాహరణ మన జిల్లాల పక్కనే ఉంది. మన్ననూరు దాటి శ్రీశైలం పోయే దారిల ఈగలపెంట దగ్గర భూమి లోపల ఎడమ గట్టు పవర్‌హౌస్ ఉంది. పాత మహబూబ్‌నగర్, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. 150 మెగావాట్లవి 6 యూనిట్లు, మొత్తం 900. ఆ మిషన్లు రెండు తీర్ల తిరుగుతయి. నీళ్లు కిందికి వదిలితే కరెంటు ఇస్తయి, కరెంటు ఇస్తే కింది నీళ్లను మళ్లీ పైకి ఎత్తుతయి. సాగర్‌ల గూడ ఇట్లాంటివి ఉన్నయి. అయితే పైకి ఎత్తడానికి పట్టే కరెంటు, అవే నీళ్లు దిగేటప్పుడు ఇచ్చే కరెంటు కంటే ఎప్పుడూ ఎక్కువే. ఇట్లాంటి చోట్ల సాధారణంగా 100 యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తయి. మరి ఎందుకు ఎత్తుతరంటే, అవసరం తక్కువున్న వేళ మిగిలే కరెంటును అవసరం ఎక్కువున్న వేళకు దాచుకోవడానికి. అంత పెద్ద మిషన్లకే 100 పెడితే 100 రాలేదు, 14,000 డబ్బా 130 ఇస్తదా?

ఇంతవరకు అమ్మేటోళ్లల తెలివైనోడు ఒప్పుకుంటడు. ఒప్పుకొని రెండో మాట తీస్తడు. "మేము హైడ్రోజన్‌ను ఇంధనం అంటలేం అన్నా, అది మంటను తొందర చేస్తది, డీజిల్ పూర్తిగ కాలుతది" అంటడు. ఇందుల సగం నిజం ఉంది, అందుకే ఇది గట్టి మాట. హైడ్రోజన్ మంట చాలా వేగంగ పోతది. 1977లో నాసా వాళ్లు పెట్రోలుకు హైడ్రోజన్ కలిపి ఇంజన్ నడిపి, మంట వేగం పెరిగిందని రిపోర్టు ఇచ్చిన్రు. అమ్మకం వీడియోలల్ల ఆ నాసా పేరు వినిపిస్తనే ఉంటది. కాని వాళ్లు వాడింది సిలిండర్ల తెచ్చిన హైడ్రోజన్, ఇంకా మిథనాల్ నుంచి తీసిన హైడ్రోజన్. అదే ఇంజన్ కరెంటుతో నీళ్లు విడగొట్టి తీసింది కాదు. ఇంకోటి, మంచి కండిషన్ల ఉన్న ఇంజన్ల డీజిల్ ఇప్పటికే నూటికి 98 పాళ్ల పైన కాలిపోతది. కాలకుండ పోయేదే రెండు పాళ్ల లోపు. ఆ మొత్తం కాలినా మిగిలేది అంతే. 30 శాతం ఎక్కడి నుంచి వస్తది? మన డీజిల్ నిజంగ పోయేది రేడియేటర్ల వేడిగ, సైలెన్సర్ల పొగగ. అక్కడ ఈ గ్యాసు చేసేది ఏం లేదు.

లెక్క చెప్తే బావ వింటడు గాని, అడ్డా వినదు. అక్కడ ఒకాయన (పేరు వద్దు, ఆయన మనోడే) కిట్టు పెట్టించుకొని, "పన్నెండు ఇచ్చే బండి పదిహేను ఇస్తుంది, నేను అబద్ధం ఆడుతున్ననా?" అని అడుగుతున్నడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. అందుకని ఆయన బండి మీదనే చూద్దామని అడిగిన. ఒప్పుకున్నడు, పెద్ద మనసు.

నాలుగు రోజులు ఆయన పక్క సీట్ల కూసున్న. పొద్దున ఒకే బంకుల, ఒకే పైపుతోని, టక్కుమని దానంతట అది ఆగేదాక ట్యాంకు నింపుడు, ఎల్బీనగర్ పోయి వచ్చి మళ్లీ అక్కడనే నింపుడు. నాలుగు టైర్ల గాలి ఒక్కతీరు. కిట్టు స్విచ్చు నా దిక్కు పెట్టుకున్న, మీద గుడ్డ కప్పిన. ఏ రోజు ఆన్, ఏ రోజు ఆఫ్ ఆయనకు చెప్పలేదు. ఎందుకంటే ఆన్ అని తెలిస్తే కాలు దానంతట అదే మెత్తగ పడతది. ఆన్ ఉన్న రెండు రోజులు లీటరుకు 12.3, 12.9 వచ్చినయి. ఆఫ్ ఉన్న రెండు రోజులు 12.8, 12.5. జనం ఎక్కుడు దిగుడు, ఇబ్రహీంపట్నం ట్రాఫిక్, బంకుల అర లీటరు అటు ఇటు, వీటికే ఇంత తేడా వస్తది. కిట్టు వల్ల ఎంత నష్టమో నాలుగు రోజుల లెక్క చెప్పలేదు. కాని మైలేజీ 30 శాతం పెరిగితే 16 దాటాలె. దాని జాడ గూడ లేదు.

మరి ఆయనకు పదిహేను ఎట్ల వచ్చింది? అడిగితే మెల్లగ బయటపడ్డది. కిట్టు పెట్టిన రోజే గాలి ఫిల్టర్ కొత్తది వేసిన్రు. టైర్లు చెక్ చేసిన్రు. "కిట్టు సెట్ అయ్యేదాక 60 దాటొద్దు, ఏక్‌దమ్ రేజ్ చెయ్యొద్దు" అని చెప్పి పంపిన్రు. పెట్రోల్ పొదుపు గురించి పీసీఆర్ఏ అనే కేంద్ర సంస్థ ఎన్నో ఏండ్ల నుంచి చెప్పేది గూడ ఇదే: 45 నుంచి 55 మధ్య నడపండి, టైర్ల గాలి చూసుకోండి, ఆగిన చోట ఇంజన్ బంద్ చెయ్యండి. అంటే ఆ మొదటి నెల మైలేజీ నిజమే, తెచ్చింది ఆయన కాలు. పేరు డబ్బాకు పోయింది. రెండు నెలలకు పాత అలవాటు వచ్చింది, మైలేజీ పోయింది, పదిహేను అన్న మాట మాత్రం అట్లనే ఉంది.

ప్రమాదం సంగతి గూడ చెప్పాలె. హైడ్రోజన్ గాలిల 4 శాతం నుంచి 75 శాతం దాక ఎంత కలిసినా అంటుకుంటది. ఈ డబ్బాల నుంచి వచ్చేది ఆక్సిజన్‌తో కలిసే వస్తది, అంటే బయటి గాలి గూడ అక్కరలేదు, చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజన్ నుంచి మంట వెనక్కి కొడితే ఆపడానికి మధ్యల నీళ్ల సీసా పెడతరు. నేను చూసిన బండిల ఆ సీసాల నీళ్లు అడుగుకు పోయి ఉన్నయి. కరెంటు బాగ పారాలని నీళ్లల్ల కాస్టిక్ లాంటి ఘాటు మందు కలుపుతరు, కండ్లల్ల పడితే చూపే పోతది. అట్లాంటిది పది మంది ఎక్కే బండి బానెట్ కింద, నల్లగొండ ఎండల. పైగ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు కాకుండ బండిని మార్చొద్దు. ఏమన్న జరిగితే ఇన్సూరెన్సోడు ముందు చూసేది ఆ పైపులనే. కొత్త పెట్రోల్ కార్ల కిట్టులతోని ఇంకో చిన్న పెట్టె ఇస్తరు, అది సెన్సర్‌ను మోసం చేసి పెట్రోల్ తక్కువ పోయేటట్లు చేస్తది. ఇంజన్ వేడెక్కి పాడయ్యేది దానితోనే. మా బావది పాత ఇంజన్ గాబట్టి ఆ గొడవ లేదు.

"గడ్కరీ సారు హైడ్రోజన్ కార్ల పార్లమెంటుకు పోయిండు గదా" అని నన్ను ముగ్గురు అడిగిన్రు. పోయిండు, 2022 మార్చిల, టయోటా మిరాయ్ కార్ల. ఆ కారు నీళ్లు పోస్తే నడవదు. ఎక్కడో కరెంటు పెట్టి తీసిన హైడ్రోజన్‌ను గట్టి ట్యాంకుల నింపుకొని నడుస్తది. కిలో హైడ్రోజన్ తియ్యడానికి 50 యూనిట్ల పైన కరెంటు కావాలె. ఆ కరెంటు ఎండ నుంచి, గాలి నుంచి రావాలనే 2023 జనవరిల కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పెట్టింది. హైడ్రోజన్ శక్తిని మోసే సంచి. సంచిల నింపేది ఎవరో నింపాలె.

ఇప్పుడు అసలు నన్ను బాధపెట్టిన సంగతి. ఈ కిట్టులు మన దిక్కు అమ్ముతున్న పిల్లగాడు మా పక్క తండావాడే. ఐటీఐ చేసిండు. కంపెనీకి 25,000 డిపాజిట్ కట్టి "డీలర్" అయిండు, కిట్టుకు 2,000 కమిషన్. ఐదు బండ్లకు పెట్టిండు, ఐదూ చుట్టాలవే. వాడు మోసగాడు కాదు. వాడు నమ్మిండు. నేను కాగితం తీసి లెక్క చూపిస్తుంటే మధ్యల ఆపి, "అన్నా, పెద్ద చదువులోళ్లు మనల్ని ఎన్నడు నమ్మిన్రు? మనోడు ఏదన్న కనిపెడితే తొక్కుతరు. ఆయిల్ కంపెనీలు దీన్ని బయటికి రానిస్తయా?" అన్నడు.

ఈ మాటకు లెక్కతో జవాబు లేదు. ఎందుకంటే మొదటి సగం మన బతుకుల జరిగేదే. మన పొడు భూముల కాగితాలు, మన సర్టిఫికెట్లు, మన మాట, ఆఫీసులల్ల ఎట్ల చూస్తరో మనకు తెలుసు. ఆ కోపం నిజమైంది గాబట్టే దాన్ని వాడుకొని డబ్బాలు అమ్ముడు సులువైంది. 1996లో తమిళనాడుల రామర్ పిళ్లై అనే పల్లెటూరాయన ఆకులు, నీళ్లతోని పెట్రోల్ చేస్తా అన్నప్పుడు జనం నమ్మింది ఇందుకే. పేద పల్లెటూరోడు, డిగ్రీ లేదు, పెద్దోళ్లు తొక్కుతున్నరు అన్న కథ. తర్వాత ఆయన అమ్మిన దాన్ని సీబీఐ చూస్తే ఆకు లేదు, పసరు లేదు, టోలీన్, నాఫ్తా కలిపిన సరుకు. 2016లో చెన్నై కోర్టు మూడేండ్ల జైలు వేసింది. పాకిస్తాన్‌ల 2012లో ఆఘా వకార్ అనే ఆయన నీళ్ల కారు అని టీవీల చూపెడితే మంత్రులు మెచ్చుకున్నరు, అణుబాంబు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ గూడ వంత పాడిండు. అమెరికాల స్టాన్లీ మేయర్ నీళ్ల కారు అని పెట్టుబడి తీసుకుంటే 1996లో ఒహాయో కోర్టు మోసమని తేల్చి పైసలు వాపస్ ఇమ్మంది. అక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇట్లాంటి మైలేజీ పరికరాలు వందకు పైగ చూసింది, మైలేజీ చెప్పుకోదగ్గంత పెంచింది ఒక్కటీ దొరకలేదు. కాబట్టి "చదువు లేని లంబాడోళ్లు మోసపోయిన్రు" అని ఎవడన్న నవ్వితే ఈ పేర్లు చెప్పండి.

ఆ తమ్మునికి నేను చెప్పింది మాత్రం చింతకింది మల్లేశం గురించి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లానే, ఆలేరు దగ్గర శారాజీపేట. చదువు మధ్యలనే ఆగిపోయింది. ఒక్క చీర ఆసు పొయ్యడానికి తల్లి చెయ్యి వేల సార్లు అటు ఇటు తిప్పి భుజం పోతుంటే చూడలేక, ఏండ్ల తరబడి అప్పులు చేసి, ఊరోళ్లు నవ్వినా ఆగకుండ 1999లో ఆసు మిషన్ పూర్తి చేసిండు. తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన్ను గూడ ఎవరు నమ్మలేదు. కాని ఆయన "నన్ను నమ్మండి" అని అడగలేదు, మిషన్ ముందట పెట్టిండు, నేతగాళ్లు గడియారం చూసుకున్నరు. ఆ మిషన్ కరెంటుతో నడుస్తది, కరెంటు బిల్లు వస్తదని ఆయన దాచలేదు. నీ కంపెనోళ్లు ఎవరన్న ఒక్కసారి స్విచ్చు నా చేతికిచ్చి, గుడ్డ కప్పి, మైలేజీ చూపిచ్చిన్రా తమ్ముడూ అని అడిగిన. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నా 25,000?" అన్నడు.

బావ కిట్టు కొనలేదు. దాచిన పైసల్ల కొంత పెట్టి ఇంజెక్టర్లు సాఫ్ చేపిచ్చిండు, అరిగిన రెండు టైర్లు మార్చిండు. పదమూడున్నర దాక వస్తుందట, మాల్ దాటినంక ఖాళీ రోడ్డు చూస్తే మాత్రం ఆయన కాలు ఆగది. కిట్టు ఉన్నాయన ఇంకా తీసెయ్యలేదు. "సౌండు మెత్తగైంది" అంటడు. 14,000 పెట్టి తెచ్చింది, పెట్టింది చెల్లెలి కొడుకు, నలుగురి ముందట ఎట్ల తీస్తడు? గట్టిగ అడగబుద్ధి కాలే. సీసాల నీళ్లు మాత్రం నింపి పెట్టుకోమన్న.

కంపెనీ నంబర్ ఇప్పుడు ఎత్తుతలేరు. బిల్లు ఎవ్వరికి ఇయ్యలేదు, ఫోన్‌పేల కట్టిన స్క్రీన్‌షాట్లు, 30 శాతం గ్యారంటీ అని రాసిన రంగుల కాగితం ఉన్నయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నల్లగొండ జిల్లా కమిషన్ల 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. సొంతంగ నడుపుకొని బతకడానికి కొన్న వస్తువైతే, వ్యాపారం కోసం కొన్నవని కొట్టెయ్యరాదు, చట్టంలనే ఉంది. ఐదు బండ్లోళ్లవి ఒక ఫిర్యాదు, ఆ తమ్ముని డిపాజిట్‌ది ఒకటి రాయాలె. డిపాజిట్ కేసు వినియోగదారుల కిందికి వస్తదా, పోలీస్ స్టేషన్‌కు పోవాల్నా అన్నది నాకు ఎవరన్న చెప్పాలె. ఎల్ఎల్‌బీ చదువుతున్న అక్కలు, అన్నలు ఉంటే కామెంట్‌ల చెప్పండి. కాగితాలన్ని నా దగ్గరున్నయి, ఆదివారం దేవరకొండల ఉంట.